ఓడల టన్ను, దాని వెనుక పన్ను

మీ ప్రశ్న సారాంశం ఇది: 2021 మార్చిలో సూయెజ్ కాలువకు అడ్డంగా ఇరుక్కుపోయిన ఎవర్ గివెన్ ఓడ గురించి ఒక వార్తలో 2,20,000 టన్నులని, మరొక వార్తలో 2,00,000 టన్నులని రాశారు, ఒకే ఓడకు రెండు బరువులు ఎలా ఉంటాయి, టన్ను అంటే వెయ్యి కిలోలే కదా, అసలీ మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఏసీకి చెప్పే టన్ను కూడా ఇదేనా అని అడిగారు.

ముందుగా సూటి సమాధానం చెబుతాను. ఆ రెండు అంకెలూ సరైనవే, కానీ మొదటిది బరువు కానే కాదు. సుమారు 2,20,000 అన్నది ఆ ఓడ గ్రాస్ టన్నేజీ, అంటే ఓడ లోపల మూసి ఉన్న చోటు మొత్తం ఎంతో తెలిపే ఒక సూచిక. సుమారు 2,00,000 అన్నది డెడ్‌వెయిట్, అంటే ఆ ఓడ సురక్షితంగా మోయగలిగిన భారం. ఇది నిజంగానే టన్నుల్లో ఉండే బరువు. ఇక ఓడ సొంత ఉక్కు, ఇంజను, యంత్రాలు అన్నీ కలిపి నీటిలో తేలుతున్న మొత్తం బరువు ఎంత అంటే, దానికి ఈ రెండు అంకెల్లో ఏదీ జవాబు కాదు. నిండా సరుకు ఎక్కినప్పుడు అది డెడ్‌వెయిట్ కంటే తప్పనిసరిగా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే డెడ్‌వెయిట్‌లో ఓడ సొంత బరువును కలపరు. ఓడల్లోకి ఎక్కే, ఓడల నుంచి దిగే సరుకును లెక్కగట్టే పనిలో చాలాకాలంగా ఉన్నాను కనుక ఈ గందరగోళం నాకు రోజూ ఎదురయ్యేదే. దీని మూలం ఓడల తయారీలో కంటే పన్నుల వసూలులోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

టన్ను అన్న మాటకు తొలి అర్థం తూనిక కాదు, పీపా. మధ్యయుగపు లాటిన్‌లో టున్నా అంటే పెద్ద చెక్క పీపా. పాత ఇంగ్లీషులోకి, పాత ఫ్రెంచిలోకి అదే మాట కాస్త రూపం మార్చుకుని వచ్చింది. లాటిన్‌కు కూడా అది కెల్టిక్ భాషల నుంచి చేరి ఉండవచ్చని భాషావేత్తలు భావిస్తారు. ఫ్రాన్సులోని బోర్డో రేవు నుంచి ఇంగ్లండుకు ఓడల్లో ద్రాక్షసారా పెద్ద ఎత్తున వెళ్లే కాలంలో అన్నిటికంటే పెద్ద పీపా పేరు టన్. అందులో 252 గ్యాలన్లు పట్టేవి. దానిలో సగం, అంటే 126 గ్యాలన్లు పట్టేదాన్ని పైప్ అనేవారు. అందులోనూ సగం పట్టేది హాగ్స్‌హెడ్. మనం తెలుగులో వాడే పీపా కూడా పోర్చుగీసు వారి పీపా అన్న మాట నుంచి వచ్చిందే, అంటే ఇంగ్లీషు వారి పైప్‌కు అది దగ్గరి చుట్టం. సొరంగానికి ఇంగ్లీషులో ఉన్న టన్నెల్ అన్న మాటది కూడా ఈ కుటుంబమే; గుండ్రటి కప్పు ఉన్న దారి పొడవాటి పీపాలా కనిపించడమే దానికి కారణం.

ఆ కాలంలో ఓడ ఎంత పెద్దదో చెప్పడానికి అది ఎన్ని పీపాలు మోయగలదన్నదే కొలత. వంద టన్నుల ఓడ అంటే వంద పెద్ద పీపాలు పట్టే ఓడ అని అర్థం. ఇక్కడ ఒక విషయాన్ని కాస్త నిదానంగా గమనించాలి. పీపా ఒక్కటే అయినా అది ఒకేసారి రెండు కొలతలను మోస్తుంది: అది కొంత చోటు ఆక్రమిస్తుంది, కొంత బరువూ ఉంటుంది. 252 గ్యాలన్లంటే నేటి లెక్కలో సుమారు 954 లీటర్లు. ద్రాక్షసారా బరువు ఇంచుమించు నీటి బరువే కనుక, చెక్క బరువు కూడా కలిపితే నిండు పీపా వెయ్యి కిలోలు దాటుతుంది. ఇంగ్లీషు తూనికల్లో 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లు ఇరవై కలిపితే 2,240 పౌన్లు, అంటే 1,016 కిలోలు అవుతుంది. నిండు పీపా బరువు దానికి దగ్గరగానే ఉండడంతో ఆ తూనికకు కూడా టన్ను అన్న పేరే స్థిరపడింది. ఓడ నిండా ద్రాక్షసారా పీపాలే ఉన్నంతకాలం చోటు లెక్క, బరువు లెక్క కలిసే నడిచాయి. సరుకు మారగానే అవి విడిపోయాయి. ఇనుప ఖనిజం ఒక టన్నుకు అర ఘన మీటరు చోటు కూడా అక్కర్లేదు. దూదికైతే దానికి ఎన్నో రెట్లు కావాలి. ఖనిజం ఎక్కిన ఓడ గది సగం ఖాళీగా ఉండగానే మునిగే హద్దుకు చేరుతుంది, దూది ఎక్కిన ఓడ గది నిండిపోయినా నీటిలో తేలికగానే ఉంటుంది. ఇంగ్లీషులో పీపాను యు అక్షరంతోనూ తూనికను ఓ అక్షరంతోనూ వేరుచేసి రాయడం పదిహేడో శతాబ్దం నాటికి గాని కుదురుకోలేదు. అంతకు ముందు రెంటికీ ఒకే మాట, రాత ఎవరికి తోచినట్లు వారిది.

పన్ను సంగతి ఇక్కడే మొదలవుతుంది. దిగుమతి అయ్యే ద్రాక్షసారా మీద పీపాకు ఇంత అని, ఇతర సరుకుల మీద విలువలో ఒక్కో పౌను డబ్బుకు ఇంత అని ఇంగ్లండు రాజులు వసూలు చేసిన సుంకానికి టన్నేజ్ అండ్ పౌండేజ్ అని పేరు. టన్నేజీ అన్న మాటకు తొలి అర్థం ఓడ పరిమాణం కాదు, ఈ సుంకమే. దాన్ని రాజుకు జీవితకాలం వసూలు చేసుకునేందుకు అనుమతించడం ఆనవాయితీగా ఉండగా, 1625లో మొదటి చార్లెస్‌కు పార్లమెంటు దిగువ సభ ఒక్క ఏడాదికి మాత్రమే ఇవ్వజూపింది. పార్లమెంటు అనుమతి లేకుండానే రాజు వసూలు కొనసాగించాడు. 1641లో పార్లమెంటు తన సమ్మతి లేని వసూలు చెల్లదని చట్టం చేసింది. మరుసటి ఏడాదే అంతర్యుద్ధం మొదలైంది. యుద్ధానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి గాని, పీపా లెక్క ఆ జాబితాలో ఉందన్నది నిజం.

సుంకాలు, రేవు రుసుములు ఓడ పరిమాణాన్ని బట్టి వేయాలంటే ప్రతి ఓడలోనూ పీపాలు పేర్చి చూడలేరు కదా. అందుకని సూత్రాలు పుట్టాయి. బ్రిటన్‌లో 1773 చట్టంతో స్థిరపడిన సూత్రం ప్రకారం ఓడ పొడవులోంచి వెడల్పులో అయిదింట మూడు వంతులు తీసివేసి, మిగిలినదాన్ని వెడల్పుతో హెచ్చించి, మళ్లీ వెడల్పులో సగంతో హెచ్చించి, వచ్చినదాన్ని 94తో భాగించాలి. లోతును విడిగా కొలవనక్కర్లేదు; అది వెడల్పులో సగం ఉంటుందని అనుకుంటారు. సరుకు నిండిన ఓడలో లోతు కొలవడం కష్టం కనుక అధికారులకు ఇది సులువుగా తోచింది. ఓడల యజమానులకు అంతకంటే సులువైన ఉపాయం తోచింది. వెడల్పు తగ్గించి లోతు పెంచితే సరుకు ఎక్కువ పడుతుంది, లెక్కలో టన్నులు తక్కువ పడతాయి, పన్ను మిగులుతుంది. దాని ఫలితంగా ఇరుకైన, లోతైన, సముద్రంలో నడక బాగాలేని ఓడలు తయారయ్యాయి. ఒక సూత్రంలోని చిన్న ఊహ కొన్ని తరాల పాటు ఓడల రూపాన్నే పాడుచేసిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ చిక్కును విప్పింది 1849లో నియమించిన సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన జార్జ్ మూర్సమ్ పద్ధతి. 1854 బ్రిటిష్ వాణిజ్య నౌకా చట్టంలోకి అది చేరింది. ఓడ లోపల మూసి ఉన్న చోటంతా ఘనపు అడుగుల్లో కొలిచి, వందతో భాగిస్తే వచ్చేదే రిజిస్టర్ టన్ను. వందే ఎందుకు? అప్పటికే ఉన్న బ్రిటిష్ వాణిజ్య ఓడల లోపలి చోటు మొత్తాన్ని వాటి పాత టన్నుల మొత్తంతో భాగించి చూస్తే ఒక్కో టన్నుకు 98 ఘనపు అడుగుల చిల్లర వచ్చింది. దాన్ని వందకు సవరించారు. కొత్త కొలతతో దేశం మొత్తం టన్నేజీ ఉన్నట్టుండి పెరగకుండా, తగ్గకుండా చూడాలన్నదే ఉద్దేశం. అంటే రిజిస్టర్ టన్నులోని వంద అన్న అంకె ప్రకృతి నుంచి వచ్చింది కాదు, పాత పన్ను పట్టీకి సరిపోయేలా కుదిర్చినది. వంద ఘనపు అడుగులు అంటే 2.83 ఘన మీటర్లు.

టైటానిక్ గురించి 46,328 టన్నులని చదివే ఉంటారు. అది ఈ రిజిస్టర్ టన్నుల లెక్క. ఆ ఓడలో మూసి ఉన్న చోటు సుమారు 46 లక్షల ఘనపు అడుగులని దాని అర్థం. అది ఓడ బరువు కాదు; బరువు సుమారు 52,000 టన్నులు, అది కూడా 2,240 పౌన్ల టన్నుల్లో. రెండు అంకెలు దగ్గరగా ఉండడంతో చాలామంది మొదటిదాన్నే బరువనుకుంటారు.

మూర్సమ్ లెక్కలోనూ సందులు దొరికాయి. డెక్కు మీద చిన్న తెరపు ఉంచి, దాన్ని శాశ్వతంగా బిగించకుండా చెక్క పలకలతో మూస్తే ఆ కింది చోటు తెరిచి ఉన్నట్లే లెక్క. కనుక అది టన్నుల్లోకి రాదు. ఆ తెరపు అవసరం సరుకుకు లేదు, నావికులకు లేదు, పన్ను లెక్కకు మాత్రమే ఉంది. దాదాపు వంద సంవత్సరాల పాటు అలాంటి ఓడలు కట్టారు, నీరు లోపలికి రాగల దారిని చేజేతులా ఉంచుకుని మరీ. పైగా దేశానికొక మినహాయింపు. సూయెజ్ కాలువ 1869లో తెరిచిన కొద్దికాలానికే ఏ టన్ను మీద సుంకం వేయాలన్న తగాదా వచ్చి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దేశాలు కూర్చుని ఆ కాలువకే ప్రత్యేకమైన నెట్ టన్నేజీని, అంటే సరుకుకు, ప్రయాణికులకు పనికొచ్చే చోటు లెక్కను, నిర్ణయించాయి. ఆ వారసత్వం నేటికీ ఉంది: సూయెజ్ గుండా వెళ్లే ఓడ దగ్గర మామూలు ధ్రువపత్రంతో పాటు ఆ కాలువ టన్నేజీ పత్రం కూడా ఉండాలి. పనామా కాలువదీ వేరే లెక్కే.

ఈ వైవిధ్యానికి ముగింపు పలకాలని 1969 జూన్ 23న అంతర్జాతీయ టన్నేజీ కొలత ఒప్పందం కుదిరింది. అది 1982 జూలై 18న అమలులోకి వచ్చింది. పాత ఓడలకు 1994 జూలై దాకా గడువిచ్చారు. ఈ ఒప్పందంలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఏమిటంటే, అది టన్ను అన్న ప్రమాణాన్నే తీసేసి టన్నేజీ అన్న పేరును మాత్రం ఉంచింది. ఓడలో మూసి ఉన్న చోటు మొత్తాన్ని ఘన మీటర్లలో తీసుకుని ఒక గుణకంతో హెచ్చించాలి. ఆ గుణకం 0.2కు, ఘన మీటర్ల అంకె లాగరిథమ్‌లో 0.02 వంతు కలిపితే వస్తుంది. ఉదాహరణకు 10,000 ఘన మీటర్ల ఓడకు లాగరిథమ్ 4, గుణకం 0.28, గ్రాస్ టన్నేజీ 2,800. లక్ష ఘన మీటర్ల ఓడకు గుణకం 0.30, గ్రాస్ టన్నేజీ 30,000. చోటు పది రెట్లు పెరిగితే అంకె పది రెట్ల కంటే కాస్త ఎక్కువ పెరిగిందని గమనించండి; పాత రిజిస్టర్ టన్నుల అంకెలకు కొత్త అంకెలు సాధ్యమైనంత దగ్గరగా ఉండడానికే ఈ అమరిక. వచ్చిన అంకెకు ప్రమాణం ఏమీ ఉండదు. కాబట్టి గ్రాస్ టన్నేజీ 30,000 అనడమే సరైనది. 30,000 గ్రాస్ టన్నులు అని వాడుకలో అంటారు గాని, 30,000 టన్నుల ఓడ అంటే మాత్రం తప్పుదారి పట్టించినట్లే.

కొత్త లెక్క కూడా ఓడల రూపాన్ని ప్రభావితం చేస్తూనే ఉంది. డెక్కు మీద పేర్చిన కంటైనర్లు మూసి ఉన్న చోటులోకి రావు కనుక గ్రాస్ టన్నేజీలో వాటి ఊసు ఉండదు. నావికుల గదులు మాత్రం వస్తాయి. అంటే సిబ్బందికి గది కాస్త విశాలంగా కడితే రేవు రుసుము పెరుగుతుంది, సరుకును ఆకాశం కింద పేరిస్తే పెరగదు. ఇది న్యాయం కాదని నాలాంటి వారు ఎంతోమంది అనుకుంటారు. నియమాల హద్దులు కూడా ఈ అంకె మీదే ఆధారపడి ఉన్నాయి: అంతర్జాతీయ ప్రయాణాలు చేసే సరుకు ఓడలకు సముద్ర భద్రతా ఒప్పందంలోని చాలా నియమాలు 500 నుంచి వర్తిస్తాయి, కెప్టెన్ల అర్హత పత్రాల్లో పెద్ద గీత 3,000 దగ్గర ఉంది. అందుకే సరిగ్గా 499 గ్రాస్ టన్నేజీ ఉన్న చిన్న ఓడలు అన్ని కనిపిస్తాయి.

ఇక బరువు వైపు వద్దాం. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం తేలే ఓడ తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుంది. ఆ నీటి బరువే డిస్‌ప్లేస్‌మెంట్. యుద్ధనౌకలను కొలిచేది దీనితోనే, ఎందుకంటే వాటికి సరుకూ లేదు, రేవు సుంకమూ లేదు. అయినా అక్కడా రాజకీయం తప్పలేదు. 1922 వాషింగ్టన్ నౌకాదళ ఒప్పందం బ్యాటిల్‌షిప్‌ల వంటి పెద్ద యుద్ధనౌకలకు ఒక్కోదానికి 35,000 టన్నుల పరిమితి పెట్టినప్పుడు, ఏ టన్ను అన్న వాదన రాకుండా 2,240 పౌన్లని ఒప్పందంలోనే రాసుకున్నారు. దానితో పాటు స్టాండర్డ్ డిస్‌ప్లేస్‌మెంట్ అన్న కొత్త కొలతను నిర్వచించారు: సిబ్బంది, తుపాకులు, మందుగుండు, తిండి, తాగునీరు అన్నీ లెక్కలోకి వస్తాయి, ఇంధనం, బాయిలర్లకు నిల్వ ఉంచే నీరు రావు. సుదూర సముద్రాల్లో తిరగవలసిన నౌకాదళాలు ఎక్కువ ఇంధనం మోసినందుకు నష్టపోకూడదన్నది అందులోని తర్కం. కనుక ఆ కాలపు యుద్ధనౌకల అంకెలు చదివేటప్పుడు నిండు బరువు దానికంటే వేలాది టన్నులు ఎక్కువని గుర్తుంచుకోవాలి.

వాణిజ్య ఓడల్లో డిస్‌ప్లేస్‌మెంట్‌లోంచి ఓడ సొంత బరువు తీసివేస్తే మిగిలేది డెడ్‌వెయిట్. ఇందులో సరుకు ఒక్కటే కాదు, ఇంధనం, మంచినీరు, ఓడ నిలకడ కోసం నింపే బ్యాలాస్టు నీరు, సామాన్లు, మనుషులు అందరూ ఉంటారు. మరి ఇంత బరువును ఏ కాటా మీద తూస్తారని అడగవచ్చు. మేము ఓడనే కాటాగా వాడతాం. దాన్ని డ్రాఫ్ట్ సర్వే అంటారు. ఓడ ముందు, మధ్య, వెనుక భాగాల్లో రెండు పక్కలా నీటి లోతు తెలిపే అంకెలు చెక్కి ఉంటాయి. ఒక్కో అంకె పది సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, నీరు అంకె అడుగును తాకితే ఆ అంకే లోతు. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి ఆరు చోట్లా చదవాలి. అలలు ఊగుతుంటే పైకి వచ్చిన గీత, కిందికి దిగిన గీత రెండూ కాసేపు చూసి మధ్యస్థం పట్టాలి. ఆపైన నీటి సాంద్రతను హైడ్రోమీటరుతో చూస్తాం, ఎందుకంటే మంచినీటిలో ఓడ ఉప్పునీటిలో కంటే ఎక్కువ మునుగుతుంది. ఓడ పట్టికల్లో ఆ లోతుకు డిస్‌ప్లేస్‌మెంట్ చూసి, సవరణలు చేసి, ఇంధనం, నీరు తీసివేస్తాం. సరుకు ఎక్కించే ముందు, ఎక్కించిన తర్వాత వచ్చిన అంకెల తేడాయే సరుకు బరువు. 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న ఓడ ఒక్క సెంటీమీటరు మునిగితే ఇంచుమించు 67 టన్నులు. కంటి చూపులో ఒక్క సెంటీమీటరు పొరబడితే ఎన్ని లారీల సరుకు తేడా వస్తుందో ఊహించుకోండి. ఏ లెక్కకూ అందని బరువు ఒకటి ఎప్పుడూ మిగులుతుంది, అడుగున పేరుకున్న బురద, పాత తాళ్లు, రంగు పొరలు వంటివి. దాన్ని కాన్‌స్టంట్, అంటే మారనిది, అంటారు. ఆ పేరు పెట్టినవారికి హాస్యప్రియత్వం ఉండి ఉండాలి, ఎందుకంటే అది ప్రతి సర్వేలోనూ మారుతుంది.

ఈ బరువు టన్నులు కూడా మూడు. బ్రిటిష్ లాంగ్ టన్ను 2,240 పౌన్లు, అమెరికన్ షార్ట్ టన్ను 2,000 పౌన్లు అంటే 907 కిలోలు, మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. వీటికి తోడు కిరాయి వసూలు చేసేవారి ఫ్రైట్ టన్ను వేరే ఉంది. వెనుకటికి దాని లెక్క 40 ఘనపు అడుగులు. ఇప్పుడు ఒక ఘన మీటరు చోటు గాని ఒక మెట్రిక్ టన్ను బరువు గాని, ఏది ఎక్కువైతే దాని మీద కిరాయి పడుతుంది. పాత పీపాలో కలిసి ఉండి విడిపోయిన చోటు, బరువు రెండూ ఈ ఒక్క కొలతలోనే మళ్లీ పక్కపక్కన నిలబడ్డాయి.

చోటు లెక్కకు, బరువు లెక్కకు ఎంత దూరం ఉంటుందో తెలియడానికి రెండు ఓడలను పక్కపక్కన పెట్టి చూడండి. సీవైజ్ జెయింట్ అన్న చమురు ఓడ డెడ్‌వెయిట్ 5,64,763 టన్నులు, గ్రాస్ టన్నేజీ సుమారు 2,60,000. 2023లో పూర్తయిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అన్న విహార ఓడ గ్రాస్ టన్నేజీ సుమారు 2,48,000. టన్నేజీలో రెండూ ఇంచుమించు ఒకటే, కానీ విహార ఓడ నిండా ఉన్నది గదులు, హాళ్లు, గాలి. చమురు ఓడ నిండా ఉన్నది చమురు. విహార ఓడలకు గ్రాస్ టన్నేజీ, చమురు, ఖనిజం మోసేవాటికి డెడ్‌వెయిట్, యుద్ధనౌకలకు డిస్‌ప్లేస్‌మెంట్ చెప్పడం ఆ రంగాల వారి అలవాటు. వార్తలో ఏ టన్నో చెప్పనప్పుడు ఓడ రకాన్ని బట్టి ఊహించవచ్చు. కంటైనర్ ఓడలకే ఈ ఊహ సరిగా పనిచేయదు, రెండు అంకెలూ చలామణిలో ఉంటాయి, పైగా దగ్గరదగ్గరగా ఉంటాయి. మీకు ఎదురైనదీ అదే.

చివరగా ఏసీ టన్ను. దానికి ఓడలతో గాని పీపాతో గాని నేరుగా సంబంధం లేదు. అమెరికన్ షార్ట్ టన్నుతో, మంచుగడ్డతో ఉంది. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న 2,000 పౌన్ల మంచు 24 గంటల్లో పూర్తిగా కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని తీసివేసే వేగమే ఒక రిఫ్రిజిరేషన్ టన్ను. ఒక పౌను మంచు కరగడానికి 144 బీటీయూలు (వేడిని కొలిచే బ్రిటిష్ ప్రమాణం) కావాలి; 2,000తో హెచ్చించి 24తో భాగిస్తే గంటకు 12,000 బీటీయూలు, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ అంటే గంటకు 18,000 బీటీయూల వేడిని గదిలోంచి బయటికి పంపగలదని అర్థం. ఆ అంకె యంత్రం బరువునూ చెప్పదు, అది వాడే కరెంటునూ చెప్పదు.